పన్నెండో గుంట

నాలుగో గుంట చీటీ తడిసి ముద్దయి వచ్చింది. నవోమి దాన్ని కీబోర్డు పక్కన పరిచి, కొంగుతో అద్ది, కళ్లు చిట్లించి చదివింది. ఉప్పు పద్దెనిమిది. ఆక్సిజన్ మూడున్నర. చీటీ తెచ్చిన కాపలా ఓబులేసు గడప అవతలే నిలబడి, ఒక కాలి బురదను రెండో కాలితో గీరుకుంటున్నాడు.

"మూడున్నరేనా ఓబులేసన్నా? మళ్లీ చూసినావా?"

"రెండు తూర్లు చూసినా మే. మేత తగ్గించమంటే అయ్య తగ్గించడు. రొయ్యలకు నోరుంటే ఆయన్నే తిట్టుండేవి."

పదకొండు గుంటల చీటీలూ కొట్టడం అయ్యాక, నవోమి వాటన్నిటినీ కూతురి పాత జడక్లిప్పుకు తగిలించింది. పసుపు రంగు ప్లాస్టిక్ సీతాకోకచిలుక. ఒక రెక్క ఎప్పుడో విరిగింది.

అల్లూరులో రొయ్యల గుంటల నరేంద్రబాబు ఇంటి ముందుగదే ఆమె ఆఫీసు. ఆరేళ్లుగా అదే ప్లాస్టిక్ కుర్చీ, కాలు విరిగితే వైరుతో కట్టిన కుర్చీ. ఇంటర్ మొదటి ఏడాదిలో ఆగిపోయిన చదువుకు ఈ పని దొరకడమే గొప్పని ఆ ఇంటివాళ్లు పండక్కి చీర పెట్టినట్టు ఏడాదికోసారి గుర్తుచేస్తారు. ఏసీలు రెండూ మేడమీదే. కింద కంప్యూటర్లో 'గుంటలు' అనే ఫోల్డరు చేసి, అది పైన అయ్యగారి ల్యాప్‌టాప్‌లోనూ, అమ్మగారి దాంట్లోనూ కనబడేలా పెట్టింది నవోమి. ఎట్లా చేశావని ఒక్కరూ అడగలేదు. ఫ్యాను ఎట్లా తిరుగుతుందని ఎవరడుగుతారు!

పదకొండు గంటలకు నరేంద్రబాబు పంటిపుల్ల నములుతూ మెట్లు దిగాడు. ముందు పొట్ట, దాని వెనక ఆయన.

"ఏందిమే అది? నాకుండేది పదకొండు గుంటలు. ఫోల్డర్లో ఆ పన్నెండో పేజీ ఎవురిది?"

ఆ పేజీ నవోమి కూతురు లిల్లీది. ఐదేళ్ల పిల్ల, ఉబ్బసం. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను ఇచ్చి, రోజూ రాసి తెమ్మన్నాడు నెల్లూరు డాక్టరు. అది చూశాకే మందు మార్చాలా వద్దా అనేది చెబుతానన్నాడు. ఇంట్లో రాసిన కాగితాలు ఒకసారి వానకు నానిపోయాయి. అప్పట్నుంచీ పొద్దున పిల్ల వేలికి పెట్టి చూసి, అరచేతిలో రాసుకొచ్చి, గుంటల కన్నా ముందు ఇక్కడ కొట్టేది. పేరు లేకుండా తేదీ, వేడి, ఆక్సిజన్. పద్నాలుగు నెలలు. డాక్టరు రమ్మన్నది ఈ సోమవారమే.

"తొంభై ఆరు, తొంభై ఏడు! మనకు నాలుగు రావడానికి కరెంటు తగలేస్తా ఉండాను. ఇట్లాంటి గుంట ఎవురికుండాది? ఏం మందు పోస్తా ఉండారు?"

ఆక్సిజన్ అంటే గుంట నీళ్లు చిలికే ఏరియేటర్ చప్పుడని తప్ప ఇంకేమీ తెలియని మనిషి. నవోమికి భయంలోనూ నవ్వొచ్చింది.

"పక్కన వేడి నూటొకటని ఉండాది, చూసినారా అన్నా? ఆ వేడికి రొయ్య బతికితే అది గుంట కాదు, కూరగిన్నె."

"ఎగతాళా నాకు?"

మెట్ల మీద నుంచి ఆయన భార్య భానుప్రియ గొంతు దిగింది. "దాన్నేం అడుగుతారు? మనకు పోటీ ఆ కావలి ఊరోళ్ల గుంటయి ఉంటది. మన సంగతులు వాళ్లకు మోస్తా ఉంటది. ముందు అన్నిటికీ తాళాలెయ్యండి!"

"అది గుంట కాదన్నా, మా బిడ్డ..."

"బిడ్డ మీద ఒట్లు పెట్టబాక!" నరేంద్రబాబు అడ్డుపడ్డాడు.

రెండేళ్ల కిందట ఒకరోజు నవోమి పిల్లను వెంట తెస్తే, వెళ్లాక భానుప్రియ ఆ కుర్చీని ఫినాయిలుతో కడిగించింది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. వీళ్ల ముందా లిల్లీ ఊపిరి గురించి విప్పి చెప్పుకోవడం?

"ఒక్క కాగితం ప్రింటు తీసుకుంటానన్నా. ఆ పన్నెండోది."

"అదే గదా నీ ఆరాటం! ముట్టబాక. ఫోల్డరు నేనొక్కడ్నే చూడాల. అందరి పేర్లూ తీసెయ్."

"అక్క పేరు గూడానా?"

ఆయన మెట్లకేసి చూసి గొంతు తగ్గించాడు. "ఆమెది గూడా."

తాళం వేయించుకోవడానికి కూడా ఈ ఇంట్లో ఆమె తప్ప మరో మనిషి లేదు. నవోమి జాబితా తెరిచింది. భానుప్రియ పేరు తీసింది. అందరికీ అని ఉన్న వరుస తీసింది. ఆయన పేరుకు కొత్త పాస్‌వర్డు కొట్టమని కుర్చీ ఇచ్చింది. నరేంద్రబాబు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, ఉంగరం వేలితో ఒక్కో అక్షరమూ పొడిచాడు. రెండుసార్లు. కీబోర్డు మూల క్యాప్స్‌లాక్ పెద్దక్షరాల దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. రేపు అది ఆరిపోయాక అదే మాట కొడితే తలుపు తెరుచుకోదు. నవోమి దీపాన్ని చూసింది, ఆయన్ని చూసింది, కుర్చీ వెనక్కి తీసుకుంది.

జాబితాలో చివరకు ఆమె పేరే మిగిలింది.

"నీది ఉండనీ. సాయంత్రం చీటీలు ఎవురు కొడతారు?"

"అందరివీ తీసెయ్యమన్నారు గదన్నా."

నొక్కింది. ఫోల్డరు మీద మళ్లీ నొక్కి చూసింది. అనుమతి లేదని వచ్చింది. క్యారేజీ తీసుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచింది. భోజనానికి పోతోందనుకుని ఆయన తిరిగి కూడా చూడలేదు.

ఆటోలో అరచెయ్యి మోకాలి మీద పరుచుకుని పెన్ను తీసింది. పిల్ల పెదాలు నీలమైతే చంకనేసుకుని నెల్లూరు పరిగెత్తిన రోజులు మూడు. ఆక్సిజన్ ఎనభై ఎనిమిది. ఎనభై ఐదు. ఎనభై ఏడు. తేదీలతో సహా చెయ్యి ఆగకుండా రాసింది. డాక్టరుకు ముందు కావలసినవి ఇవే. మిగతావన్నీ బాగున్న రోజులు. వాటిని ఆ మహానుభావుడే చూసుకోనీ.

మర్నాడు పొద్దున, నవోమి రాని ముందుగదిలో, నరేంద్రబాబు పాస్‌వర్డు కొట్టి, మళ్లీ కొట్టి, ఆ తొంభై ఏడు గుంట ఎవరిదో తేలకుండానే పోతుందని కంప్యూటర్ని తిడుతున్నాడు. గడప అవతల ఓబులేసు కొత్త చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టేబుల్ మీద నిన్నటి పదకొండు చీటీలు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా, ఒంటిరెక్క పసుపు సీతాకోకచిలుక పట్టుకునే ఉంది.