ఐదు డిగ్రీలు

…కాదు, మానేస్తాననడం తప్పు కాదు, ఆ మాటకు తోక తగిలించడం తప్పు. "నేను మానేద్దామనుకుంటున్నాను బాబూ" అని అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అవతలివాడు కంగారుపడి "అదేంటి మాస్టారూ, ఏమైంది?" అని అడిగేవాడు. తను ఏం లేదనేవాడు. అతను బతిమాలేవాడు, తను బెట్టు చేసేవాడు, నాలుగు రోజులు నాన్చి చివరికి సరేననేవాడు. అదీ అనుకున్నది. తీరా నోరు తెరిచాక "మా తమ్ముడి దగ్గరికి పోతాను" అని కూడా అనేశాడు. తమ్ముడి మాట వినగానే యజమాని ముఖం విప్పారింది.

"మంచి పని చేస్తున్నారండీ. ఈ వయసులో అయినవాళ్ళ దగ్గరే ఉండాలి. ఎప్పటినుంచి?"

ఎప్పటినుంచి! అలకపాన్పు ఎక్కినవాణ్ణి దింపడానికి ఎవరూ రాలేదు సరికదా, పాన్పు ఎప్పుడు ఖాళీ చేస్తావని అడిగారు. అతను ఆరు వారాలన్నాడు. అందులో నాలుగు అయిపోయాయి.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై మూడేళ్ళుగా ఆ కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. ముందు గదిలో చల్లగాలి, నిలువుటద్దాలు, మెత్తటి కుర్చీలు. వెనక గదిలో ఒక కిటికీ, గ్రైండింగ్ యంత్రం, దాని కింద బకెట్‌లో సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్ళు. మధ్యలో పల్చటి చెక్క అడ్డుగోడ. ముందు గదికి కొత్త హంగులు చేయించినప్పుడు, గోడకు పెట్టడానికి సిబ్బందిని అందరినీ వరసగా నిలబెట్టి ఫొటో తీయించారు. యంత్రం మోతలో అతనికి వినపడలేదు. ఎవరూ వచ్చి పిలవలేదు. ఆ ఫొటో కిందనుంచి వారం రోజులు అటూ ఇటూ నడిచి, ఎనిమిదో రోజున ఆ మాట అన్నాడు. ఫొటో సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే చిన్నపిల్లాడి పంతమంటారు. అది వాళ్ళే కనిపెట్టాలి. కనిపెట్టకపోవడమే వాళ్ళు చేసిన అసలు నేరం.

వెళ్ళిపోతున్నాడని తెలిశాక మనిషి సగం దెయ్యం కింద లెక్క. గడ్డం గీయించుకోవడానికి వెళితే మంగలి కత్తి ఆపి మరీ ఆశ్చర్యపోయాడు. "అరె, మీరింకా ఇక్కడే ఉన్నారా? వెళ్ళిపోయారనుకున్నానే!" ఇంకా ఉన్నందుకు అతనే సిగ్గుపడి, ఏదో పని మిగిలిపోయిందని సర్దిచెప్పాడు. అద్దెకుంటున్న ఇంట్లో అయితే, అతను పళ్ళెం ముందు కూర్చుని తింటూ ఉండగానే ఇంటావిడ కొత్తగా దిగబోయేవాళ్ళను వెంటేసుకుని వచ్చింది. వచ్చినవాళ్ళలో ఒకాయన టేపుతో గోడ కొలుస్తూ, "కొంచెం కాలు తీస్తారా?" అన్నాడు. అతను కాలు తీశాడు. "మంచం పడుతుందండీ" అంది ఇంటావిడ, ఆ గోడ వారగా పదహారేళ్ళు మంచం పడనట్టే.

వీధులు కూడా అంతే. చివరిసారి నడుస్తున్నానని గుర్తు పెట్టుకుని నడిచిన వీధి ఎక్కువగా కనబడుతుందనుకున్నాడు. ఏమీ కనబడలేదు. ఊరు అతన్ని ఆపలేదు, తోయలేదు. పొమ్మనలేక పొగబెట్టినా కొంత మర్యాద ఉండేది. పొగబెట్టాలన్నా ఒక మనిషి ఉన్నాడని గుర్తుండాలి కదా.

అందుకే పీట సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆమె అంటే అతని చోట్లోకి వచ్చినావిడ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పదేళ్ళపాటు గడియారాలు బాగుచేసి, ఆ దుకాణం మూతపడితే ఇటు వచ్చింది. ఇంట్లో మంచం పట్టిన తల్లి తప్ప ఎవరూ లేరు. మొదటి రోజునే వరస కలిపేసింది. "మిమ్మల్ని సార్ అంటే నాకు నోరు తిరగదు, బాబాయ్ గారూ అంటాను. మీరు కోప్పడినా అంటాను." మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారట. చెయ్యి మంచిదని మొదటి గంటలోనే అతనికి తెలిసిపోయింది. అంత మంచి చెయ్యి కాకపోతే బహుశా చెప్పి ఉండేవాడేమో.

పీట అంటే అరచేయంత ఇనుప దిమ్మ. అద్దంలో పవరు ఏ వంపులో ఉండాలో చూసి దాని మీద సిరాతో మూడు చుక్కలు పెడతారు. ఆ చుక్కలను పీట మీది గీతకు సరిపెట్టి రబ్బరు కప్పు నొక్కితే అద్దం అంటుకుంటుంది. యంత్రం దాన్నిబట్టే అరగదీస్తుంది. పదకొండేళ్ళ కిందట పీట అతని చేతిలోంచి జారి నేల మీద పడింది. పైకి సొట్ట కూడా లేదు గానీ, గీత ఐదు డిగ్రీలు పక్కకి పోయింది. అప్పటి పెద్ద యజమాని కోపిష్టి. భయపడి ఆయనకు చెప్పలేదు. చెప్పకుండా ఒక ఉపాయం పట్టాడు. కప్పు నొక్కేముందు అద్దాన్ని వెంట్రుకవాసి కుడికి తిప్పడం. నెల తిరిగేసరికి ఆ తప్పు అలవాటైంది, ఏడాదికి పనితనమైంది. మామూలు పవరుకు ఆ తేడా తెలియదు. అడ్డంగా ఒకలా, నిలువుగా ఒకలా ఉండే సిలిండర్ పవరు అద్దానికి మాత్రం ఐదు డిగ్రీలంటే మాటలు కాదు. పెట్టుకున్నవాడికి నేల ఏటవాలుగా కనిపిస్తుంది.

తయారైన జోడును పవరు చూసే యంత్రంలో పెట్టి సరిచూసి పంపడం ఎప్పుడూ అతని పనే. "అది చివరి వారంలో నేర్పుతాలే అమ్మాయ్" అన్నాడు. ఆమె చేసిన ప్రతి జోడునూ తనే సరిచూశాడు. ఐదు డిగ్రీలు తప్పని చూశాడు. "బాగుంది" అని డబ్బాలో పెట్టి పంపించాడు.

రెండో వారం నుంచి డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. ఒక పంతులుగారు మెట్లు దిగుతుంటే కింది మెట్టు దొరకలేదన్నాడు. ఒకమ్మాయి పొద్దుట పెట్టుకుంటే మధ్యాహ్నానికి వాంతులంది. నాలుగో వారంలో బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. మిషను సూది వేలిలో దిగిపోయిందట. అడ్డుగోడ అవతల ఆవిడ గొంతు చిన్నగానే ఉంది. "నాకు సూది ఇక్కడున్నట్టు కనబడిందండీ. అది అక్కడ లేదు."

యజమాని వెనక గదిలోకి వచ్చాడు. "గడియారాలు బాగుచేసినదానివట కదా. పన్నెండుకీ ఒంటిగంటకీ తేడా తెలీదా నీకు? వేళ్ళు పోతున్నాయి జనానికి!"

ఆమె తల వంచుకుంది. అతను ఫ్రేము మరను బిగిస్తూనే ఉన్నాడు. ఆ రోజు మర ఎంతో సాఫీగా దిగింది. కడుపులో ఏదో వెచ్చగా పరుచుకుంది. కుట్టుపనావిడ మీద అతనికి కోపమేమీ లేదు. నిజానికి ఆవిడ గురించి ఆలోచించలేదు కూడా. ఆ వేలు తన తరఫున మాట్లాడిన సాక్షి, అంతే. ఇరవై మూడేళ్ళలో ఈ గదిలో ఏం జరిగిందో యజమానికి ఎవరూ చెప్పలేదు, ఆ కట్టు కట్టిన వేలు చెప్పింది. ఇంత నీచంగా ఆలోచిస్తున్నది నేనేనా అని ఒకసారి అనిపించింది. అనిపించినందుకు తనమీద తనకు కాస్త గౌరవం కూడా కలిగింది. అలా అనుకునేవాడు మరీ చెడ్డవాడు కాడు గదా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, ఒక కన్ను తెరిచి తాగితే రుచి ఇంకా బాగుంటుంది.

యజమాని వెళ్ళాక ఆమె ముక్కు తుడుచుకుని నవ్వింది. "గడియారం నయం బాబాయ్ గారూ. తప్పు చేస్తే ఆగిపోతుంది, గోడకుంటుంది. ఈ కళ్ళజోడు మనిషినేసుకుని మరీ వెనక్కి వస్తోంది."

"అలవాటవుతుందిలే. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

"నా చేతిలోనే ఏదో లోపం ఉంది."

"ఉంటే ఉండొచ్చు" అన్నాడతను, ఓదార్పుగా.

కుట్టుపనావిడ అద్దాలు తనే మళ్ళీ చేశాడు. వెంట్రుకవాసి కుడికి. ఆవిడ పెట్టుకుని, ఒకసారి కళ్ళు మూసి తెరిచి, చేతులెత్తి దణ్ణం పెట్టింది. "చూశారా మాస్టారూ, మీ చెయ్యి చెయ్యే" అన్నాడు యజమాని. ఆ తర్వాతి మాట కోసం అతను ఊపిరి బిగబట్టాడు. యజమానికి ఫోన్ వచ్చింది.

మర్నాడు ఆమె పని ఆపి అతని చేతులకేసి చూస్తూ కూర్చుంది. గడియారాల కళ్ళవి, చిన్న ముల్లు కదిలినా పడతాయి.

"బాబాయ్ గారూ, ఒకటి అడగనా? కప్పు నొక్కేముందు మీ చెయ్యి ఇలా అంటుంది." గాలిలో మణికట్టు తిప్పి చూపించింది, అచ్చం అంతే, ఐదు డిగ్రీలు. "మూడు రోజులనుంచి చూస్తున్నా. ప్రతిసారీ అంటుంది. ఏంటది?"

చెప్పడానికి రెండు ముక్కలు చాలు. పీట వంకర అని.

"అదా? వణుకు."

"వణుకా?"

"వయసు మీద పడలేదూ? నరాల బలహీనత. అందుకే మానేస్తున్నాననుకో. ఎవరితోనూ అనకమ్మా."

"అయ్యో" అంది ఆమె. ఆ అయ్యోలో నిజంగానే జాలి ఉంది. అది తన మీదే అయినందుకు అతనికి ఒళ్ళు మండింది.

ఐదో వారం గడిచింది. మరో నాలుగు డబ్బాలు తిరిగి వచ్చాయి. ఆరో వారం రెండో రోజున, మధ్యాహ్నం ముందు గది ఖాళీగా ఉన్నప్పుడు, యజమాని కబురు పెట్టాడు. అతను చేతులు కడుక్కుని, గోళ్ళల్లోని గాజుపొడి తీసేసుకుని, నిదానంగా వెళ్ళాడు. తొందరపడకూడదు. ముందు కాదనాలి. తమ్ముడు ఒప్పుకోడనాలి. "రా అన్నయ్యా, గోదాము పైన గది ఖాళీగానే ఉంది, సామాన్ల మీద కన్నేసి ఉంచినట్టూ ఉంటుంది" అన్న తమ్ముడు, ఇప్పుడు అన్న కోసం కళ్ళలో వత్తులేసుకుని ఎదురుచూస్తున్నట్టు చెప్పాలి.

గదిలో ఆమె కూడా ఉంది, తలుపు పక్కన నిలబడి.

"కూర్చోండి మాస్టారూ" అన్నాడు యజమాని. "ఇరవై మూడేళ్ళంటే మాటలా? మీరు చేస్తున్నంతకాలం మాకు తెలీలేదు. ఈ నెల రోజుల్లో తెలిసొచ్చింది. నిన్న మా ఆవిడతో కూడా అన్నాను, ఎలాగోలా కాళ్ళు పట్టుకునైనా ఆయన్ని ఉంచేద్దామని."

ఐదు వారాల చేదు ఒక్కసారిగా నాలుక మీదనుంచి జారిపోయింది. అతను కాదనడానికి నోరు తెరిచాడు.

"ఈ ఉదయం అడుగుదామనుకుంటే ఈవిడ చెప్పింది. మీ చేతికి వణుకొచ్చిందటగా? మాతో ఒక్క మాటైనా అనలేదేం? పాపం, అలాగే నెట్టుకొచ్చారన్నమాట. ఇంకా ఇక్కడ కూర్చోబెడితే మాకే పాపం తగులుతుంది."

"నేనే చెప్పాను బాబాయ్ గారూ, ఏమనుకోకండి" అంది ఆమె. "సార్ మిమ్మల్ని ఇంకా ఉండమని అడుగుతానన్నారు. ఆ చేత్తో ఇంకా ఎన్నాళ్ళు కష్టపెట్టడం అని మనసు ఊరుకోలేదు."

అతను ఆమె ముఖంలో వెతికాడు. తెలిసి అందా, తెలియక అందా? కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు నిలకడగా ఉంది. మూడు నెలల గడువులో ఉన్న మనిషి. జాలీ నిజమే కావచ్చు, లెక్కా నిజమే కావచ్చు. ఒకే కడుపులో రెండూ కాపురం చెయ్యగలవని ఈ నెలలో అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు.

"వణుకేం లేదు బాబూ" అన్నాడు. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"మరి వణుకని మీరే అన్నారు కదండీ" అంది ఆమె, అయోమయంగా. "నేను చూశాను కూడా. ప్రతి అద్దానికీ చెయ్యి కుడికి తిరుగుతుంది."

"కుడికి తిరుగుతుందా?" యజమాని ముందుకు వంగాడు. "వణుకు కాకపోతే ఎందుకు తిరుగుతుంది మాస్టారూ?"

ఆ ప్రశ్నకు ఒకటే జవాబుంది, దాని వెనకాల ఒక్కొక్కటే వరసగా నిలబడి ఉన్నాయి. వంకరపోయిన పీట, దాచిన పదకొండేళ్ళు, చూసి చూసి "బాగుంది" అని పంపిన డబ్బాలు, దొరకని మెట్టు, సూది దిగిన వేలు. చెప్పకపోతే వీళ్ళు తనను ముసలివాడని జాలిగా సాగనంపుతారు. ఆమె ఆ పీట మీదే అద్దాలు పెడుతూ పోతుంది. జనం పడుతూ లేస్తూ ఉంటారు. మూడో నెలాఖరుకు ఆమెను కూడా ఇదే కుర్చీలో కూర్చోబెడతారు. అప్పటికి తన పేరు ఎవరూ తలుచుకోరు. చెబితే మాత్రం చాలాకాలం తలుచుకుంటారు.

ఇన్నేళ్ళూ అతను కోరుకున్నది ఎవరో ఒకరు తలుచుకోవాలనే.

"ఏదీ, ఒకసారి చెయ్యి చాపండి చూద్దాం" అన్నాడు యజమాని, మెత్తగా, డాక్టరులా.

అతను కుడిచెయ్యి చాపాడు. బల్ల మీదుగా, అరచెయ్యి కిందికి పెట్టి. అది రాయిలా నిలబడింది. జీవితంలో అతను గర్వపడదగ్గది ఏదైనా ఉంటే, అదిగో, ఆ బల్ల మీద ఉంది. యజమాని కనుబొమలు కొంచెం పైకి లేచాయి. తలుపు దగ్గర ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

అతను చిటికెన వేలితో మొదలుపెట్టి, ఒక్కొక్క వేలే వణికించసాగాడు.