టోకెన్ల బాబాయి దవడ

“చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని తోమడం మానేశావా? దుమ్ము లేస్తోందని ఇల్లు ఊడవడం మానేస్తామా?”

కిటికీ అవతల నిలబడ్డ తాపీమేస్త్రీ తల గోక్కున్నాడు. ఇవతల కూర్చున్నాయన ముప్పై నాలుగో టోకెను చింపి కన్నంలోంచి బయటికి తోశాడు.

“గార పట్టిందయ్యా. గార గురించి నీకు నేను చెప్పాలా? లోపల గీకి శుభ్రం చేస్తారు. ఆ తర్వాత మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా తోము. పడుకోబోయే ముందు తోమేదే అసలు తోముడు.”

మేస్త్రీ నవ్వి లోపలికి వెళ్ళాడు. టోకెన్ల బాబాయి నవ్వలేదు. నవ్వడానికి పెదవి లాగితే చాలు, ఎడమ చెవి కింద నుంచి గొంతు దాకా ఎవరో తాడు బిగించినట్టవుతోంది. దవడ కింద చేతిరుమాలు పెట్టి నడినెత్తిన ముడి వేసుకున్నాడు. కట్టు కింద చర్మం నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. మాటలు పళ్ళ సందుల్లోంచి నలిగి వస్తున్నాయి.

ఆ పళ్ళాసుపత్రిలో ఆ కిటికీ వెనక ఆయనకది పద్దెనిమిదో ఏడు. సన్నటి మనిషి, పెద్ద చెవులు, టోకెన్లు చింపి చింపి గట్టిపడ్డ బొటనవేలు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, డాక్టర్లు చెప్పే మాటలు చెవిన పడీ పడీ సగం వైద్యం ఒంటబట్టింది. ఎవరూ అడగకుండానే చెప్పేవాడు, చెప్పేటప్పుడు విసుక్కునేవాడు. ఇంత చిన్న విషయం జనానికి ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదన్నదే ఆయన విసుగంతా.

లోపల పదకొండు కుర్చీలున్నాయి. ఆయన ఒక్కసారి కూడా వాటిలో కూర్చోలేదు. కిటికీ మూసే వేళకే డాక్టర్లూ లేస్తారు. బదులు కూర్చోవలసిన మనిషి ఉద్యోగం రెండేళ్ళుగా ఖాళీ.

కింది వరసలో చివరి దంతం నెల కిందట చన్నీళ్ళకి జివ్వుమంది. తర్వాత వేడి టీకి. ఆ తర్వాత వారం రోజులు ఏ వేడీ ఏ చల్లనా లేకుండానే పోటు పెట్టింది. ఒక పొద్దున మీట నొక్కి ఆపేసినట్టు నొప్పి పోయింది. అలా పోవడమంటే ఏమిటో వందలమందికి చెప్పిన మనిషి. “నొప్పి పోయిందంటే పన్ను బాగుపడిందని కాదు, లోపల నరం చచ్చిందని. చీము చడీచప్పుడు లేకుండా కిందికి దిగుతుంది” అని ఆ కిటికీలోంచే కేకలేసేవాడు. తన దాకా వచ్చేసరికి మాత్రం అమ్మయ్య అనుకున్నాడు.

“ఊరందరికీ మీరు చెప్పేదేమిటి, చేసేదేమిటి?” అంది భార్య.

“కిటికీ వదిలి లేస్తే పూట జీతం కోస్తారే” అన్నాడు.

నాలుగు రోజులుగా వాపు. రోజుకి ఆరు నొప్పి బిళ్ళలు.

పది గంటలకి సూపరింటెండెంటు కిటికీ దగ్గర ఆగాడు. ఆ రోజు నోటి ఆరోగ్య వారానికి ప్రారంభ సభ.

“పదకొండుకల్లా టోకెన్లు ఆపేయ్. హాల్లో కుర్చీలు వేయించు. అదేంటి, ఆ కట్టు? గుమ్మంలోనే అలా కనపడితే వచ్చే పెద్దవాళ్ళు ఏమనుకుంటారు? తీసేయ్.”

“పన్నండీ... ఇవాళైనా ఒకసారి...”

“సభ అవనీయవయ్యా. నువ్వు ఇక్కడివాడివేగా, నీకేం తొందర?”

బాబాయి కట్టు విప్పి రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

పదకొండుకి ఇంకా నలభై మంది మిగిలారు. వరసలో ముందున్న తల్లి చంకలో మూడేళ్ళ పాప. పై పళ్ళు నల్లగా కరిగిపోయి, మొదళ్ళు మాత్రం మిగిలాయి.

“రాత్రి నోట్లో పాలసీసా పెట్టి పడుకోబెడతావా అమ్మా?”

“అవునండీ, చక్కెర వేస్తేగానీ తాగదు. పాలపళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయని...”

“ఊడేదాకా దేంతో నములుతుంది? నీళ్ళు తప్ప ఇంకేం పెట్టకు ఆ సీసాలో. రేపు పొద్దున్నే రా, మొదటి టోకెను నీకే.”

“మూడు బస్సులు మారి వచ్చామండీ.”

పళ్ళ గురించి సభట, ఆ సభ కోసం నలభై మందిని వెనక్కి పంపడమట! కిటికీ తలుపు దభాలున మూశాడు. ఆ అదురుకి తన దవడే కలుక్కుమంది.

నూట ఇరవై కుర్చీలు వరసగా వేశాడు. వంగినప్పుడల్లా కళ్ళు తిరిగాయి. బడిపిల్లలకి పంచే బ్రష్షుల పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడమన్నారు, నిలబడ్డాడు. ఉమ్మి మింగుడు పడటం లేదు. రుమాలుతో పదే పదే తుడుచుకుంటున్నాడు.

వేదిక మీద సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. “పన్నే కదా అని అశ్రద్ధ చేయకండి. చిన్న పిప్పి ప్రాణం మీదికి తెస్తుంది. మా తలుపులు మీ కోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి.”

చప్పట్లు మోగాయి. బాబాయికి ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆ హాలంతా దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టాలనిపించింది. నోరు తెరవబోయాడు. దవడ వేలు పట్టేంత సందు కూడా ఇవ్వలేదు.

ఆయన్ని చూసింది చిన్న డాక్టరమ్మ. చేరి రెండు నెలలైన పిల్ల. పెట్టె లాగేసి, గడ్డం కింద చెయ్యి పెట్టింది. రెండు వైపులా చెక్కలా గట్టిగా తగిలింది. పెదవి లాగి, సందులోంచి టార్చి వేసి చూసింది. నాలుక పైకి లేచి అంగిట్ని ఒత్తుతోంది.

“ఎన్నాళ్ళైంది బాబాయ్?”

నాలుగు వేళ్ళు చూపించాడు.

“నాలుగు రోజులు! నాలుగు రోజులు ఇంతమంది పళ్ళ డాక్టర్ల మధ్య ఇలా తిరిగారా!” ఆమె గొంతుకి వేదిక మీదివాళ్ళు కూడా ఇటు తిరిగారు. “ఒక్కళ్ళకీ కళ్ళు లేవా ఇక్కడ?”

ఆసుపత్రి వ్యాను అతిథుల్ని తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉంచారట, ఇవ్వడం కుదరదన్నారు. ఆమె వాదిస్తూ నిలబడలేదు. ఆయన్ని నడిపించి రోడ్డు మీద ఆటో ఎక్కించింది. ముందుకి వంగి కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది.

“పాలసీసా పాప...” అన్నాడు పళ్ళ మధ్య నుంచి. “రేపు రమ్మన్నాను. నేను లేకపోతే మళ్ళీ పంపించేస్తారు.”

“నేను చూస్తాను. మీరు మాట్లాడకండి.”

పెద్దాసుపత్రిలో మెడ కోసి చీము తీశారు, గొంతులోకి గొట్టం వేశారు. అప్పటికే విషం ఛాతీలోకి దిగిందన్నారు. మర్నాడు ఉదయం, పళ్ళాసుపత్రి కిటికీ తెరిచే వేళకి, ఆయన పోయాడు. ఆ పాపని మాత్రం డాక్టరమ్మ టోకెను లేకుండానే కుర్చీలో కూర్చోబెట్టింది.

ఐదో రోజు ఆయన వస్తువులు తీసుకెళ్ళడానికి భార్య వచ్చింది. సూపరింటెండెంటు ఆమెని కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించాడు.

“ఎంత మంచివాడమ్మా! నాకు ఒక్క మాట చెప్పి ఉంటే స్వయంగా నేనే చూసేవాణ్ణి. మొహమాటస్థుడు, నోరు తెరిచి అడగలేదు.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. “నోరు తెరవలేనిది ఆ చివరి రోజే అండీ” అంది. నీళ్ళు ముట్టకుండా లేచి, డాక్టరమ్మతో టోకెన్ల గదిలోకి వెళ్ళింది.

బల్ల సొరుగు గట్టిగా లాగితే వచ్చింది. ఒక మూల మూడు కాగితాలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు, బాబాయివే. డాక్టరమ్మ వాటిని బయటికి తీసింది. ఆమె చేతిలోంచి అందుకుని భార్యే చదువుకుంది. మూడింట్లోనూ ఒకటే మనవి: పన్ను చూపించుకోవడానికి అరపూట సెలవు కావాలి. మూడింటి మీదా సూపరింటెండెంటు పొట్టి సంతకం, దాని పైన ఎర్ర సిరాతో ఒకటే మాట: ‘రద్దీ తగ్గాక’.