ఆరని తెర

శుక్రవారం సాయంత్రం శంఖం ఊదారంటే మా ఊళ్ళో కుక్క కూడా వీధి దాటదు. ఎక్కడివాళ్ళు అక్కడే చాపల మీద కూర్చుని ఒక పాట పాడి, ఒక ప్రార్థన చేసుకుంటారు. సమోవాలో ఏ ఊరైనా అంతే. రెండో శంఖం వినపడిందా, చూడాలమ్మా ఆ సంబరం! పిల్లలు చాపలు నెత్తిన పెట్టుకుని మహిళా సంఘం ఇంటికి పరుగు. అక్కడ అవేయోలేలా అత్త రెండు స్తంభాలకి తెల్ల దుప్పటి బిగించి కడుతూ ఉంటుంది. దుప్పటి ఆమె సొంతం కాదు, సంఘానిది. అయినా దాని మీద ఆమె మాటే చట్టం.

"ముడత పడితే హీరోయిన్ మూతి వంకరవుతుంది. సరిగ్గా లాగండే, ఉదయం తిండి తినలేదా?" అని అరుస్తుంది. తర్వాత సినిమా మొదలవుతుంది.

సినిమా అయిపోయాక హీరోయిన్ తెర దిగి వస్తుంది.

ఆకలితో వస్తుంది పాపం. మీరెప్పుడైనా గమనించారా? సినిమాల్లో కంచం ముందు పెట్టుకుని మాట్లాడతారే గాని ముద్ద మింగేదెవరు? ఏడుపొచ్చి ఒకతె లేచిపోతుంది, గుర్రం సకిలించిందని ఇంకొకతె లేచిపోతుంది. కడుపు మాత్రం ఖాళీయే. అందుకని పాస్టరుగారింటికి వంతులవారీగా భోజనం పంపినట్టే హీరోయిన్‌కీ సంఘం వంతులు వేసింది. వంతు వచ్చిన ఇంట్లో తిని, పడుకుని, శనివారం పొద్దున మళ్ళీ తింటుంది. ఈలోగా అత్త దుప్పటి ఉతికి ఆరేస్తుంది. అది ఆరగానే హీరోయిన్ వెళ్ళిపోతుంది. దుప్పటి తడిగా ఉన్నంతసేపు ఆమెకు దారి ఉండదు. నియమం అంటూ ఉంటే అదొక్కటే.

ఇక మా మర్యాద సంగతి వినండి. అతిథి వచ్చిందంటే డబ్బా తెరవాలి. డబ్బా మాంసం, నూడుల్స్, తెల్ల రొట్టె, రంగు కూల్‌డ్రింకు. చేమదుంప, సీమపనస, అరటికాయ మన పెరటివి కదా, అవి ఆపియా పట్నం బజారులో అమ్మి డబ్బాలు కొనుక్కొస్తాం. పెరటిది అతిథికి పెడితే పరువు పోతుంది. దేవుడు దోసిళ్ళతో ఇచ్చింది అమ్ముకుని, ఫ్యాక్టరీ వాడు చెంచాతో ఇచ్చింది కొనుక్కుని, దానికి కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పేవాళ్ళం. హీరోయిన్లు రెండు ముద్దలు కొరికి, మొహమాటానికి నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. మరుసటి వారం తెర మీద రంగు తగ్గి కనిపించేవాళ్ళు. ప్రొజెక్టరు పాతదైపోయిందని అనుకునేవాళ్ళం.

ఇలా ఉండగా క్రిస్మస్ ముందు ఫిలెము వాళ్ళ నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన ఊరి వక్త. చేతికర్ర పట్టుకుని ఊరి మధ్య పచ్చిక మీద నిలబడి పలికితే సముద్రం కూడా అల ఆపి వినేదని మా పెద్దవాళ్ళు అంటారు. పోయేముందు అన్న మాట ఒకటే: "నా కర్ర ఫిలెముకి." ఆ కర్రతో పాటే కొండవాలు తోట కూడా వస్తుంది. అది కుటుంబానిది, దాన్ని ఏం చేయాలో చెప్పే హక్కు మాత్రం కర్ర పట్టినవాళ్ళది. ఆ మాట కుటుంబానికి మింగుడు పడలేదు. ఎందుకంటే ఫిలెము గొంతు ఇంట్లో దీపం దాటి బయటికి రాదు. ముప్పై దాటిన మనిషి, తండ్రికి సేవ చేస్తూ రొట్టె, నూడుల్స్‌తో కాలం గడిపింది. తోట గట్టు ఎక్కాలంటే నాలుగడుగులకోసారి ఆగి రొప్పేది. ఒంట్లో చక్కెర ఉందని నర్సమ్మ చెప్పి ఉంది.

పెదనాన్న కొడుకు ఇయోపుకి లారీ ఉంది, గొంతూ ఉంది.

"చెల్లీ, నీమీద ప్రేమతోనే చెప్తున్నా," అన్నాడు సమాధి మీద పూలు వాడకముందే. "నువ్వు లేచి మాట్లాడితే దోమ ప్రసంగంలా ఉంటుంది. కర్ర నాకొదిలెయ్. తోట చదును చేయించి కోల్డ్ స్టోరేజీ కట్టిస్తా. టర్కీ కోళ్ళ తోకలు, కోడి కాళ్ళు, అన్నీ గుమ్మం ముందే. ఊరికి మేలు కాదూ?"

ఈస్టరు తర్వాత మొదటి శనివారం ఇద్దరూ పచ్చిక మీద నిలబడి మాట్లాడాలని ఊరిపెద్ద తీర్మానించాడు. ఎవరి మాట నిలబడితే కర్ర వాళ్ళది.

ఊరిపెద్ద ఆ మాట చెప్పిన వారమే హీరోయిన్ వంతు ఫిలెము ఇంటికొచ్చింది. ఇంట్లో ఒక్క డబ్బా లేదు. ఉన్నవన్నీ అంత్యక్రియలకి వచ్చిన బంధువులకి పంచేసింది. అలా పంచడం మా ఆచారం. ఆ శుక్రవారం సినిమాలో కత్తి వీరురాలు. నల్లబట్టలు, నడుముకి కత్తి, కొండశిఖరాల మీద గెంతే మనిషి. తెర దిగి చాప మీద కూర్చుని, "ఏముందమ్మా తినడానికి?" అంది. తెర మీద ఏ భాషైనా, దిగాక మా భాషే.

ఫిలెము తల వంచుకుని, రాళ్ళ పొయ్యిలో కాల్చిన చేమదుంప, కొబ్బరిపాలలో మగ్గిన చేమాకు, ఒక కాల్చిన చేప ఆకులో పెట్టి ముందుకు జరిపింది. పక్కన కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్ర అందుకుంది. అతిథి తిన్నాకే ఇంటివాళ్ళు తినాలి.

కత్తి వీరురాలు విసనకర్ర పట్టుకుని ఆపింది.

"నేను ఒక్కదాన్నే తినను. సినిమా మొత్తం నా కంచం ముందు నేనొక్కదాన్నే కూర్చుంటాను. ఇక్కడ కూడానా? రా, కూర్చో."

"తప్పమ్మా. ఇది మీకే. నాకు రొట్టె ఉంది."

"చూపించు."

ఫిలెము చూపించింది. ఆవిడ రొట్టెను వేలితో నొక్కింది. అది మళ్ళీ పైకి లేచింది. "ఇది దిండు," అంది. "తల కింద పెట్టుకో, మంచి నిద్ర పడుతుంది." అని దుంపను రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క ఫిలెము చేతిలో పెట్టింది.

ఇద్దరూ తిన్నారు. తింటూ ఉంటే ఆవిడ బుగ్గల్లోకి రంగు దిగింది. పొద్దున్నే ఇద్దరూ తోటకి వెళ్ళారు. గట్టు మీద ఫిలెము ఆగిన ప్రతిచోటా ఆవిడా ఆగింది, తొందర పెట్టలేదు. పాదాలు నేలలోకి నాటినట్టు ఎలా నిలబడాలో మాత్రం చూపించింది. దుప్పటి ఆరింది, వెళ్ళిపోయింది.

మరుసటి వారం మా తెర మీద రంగులు చూసి పిల్లలు కేక పెట్టారు. దిగి వచ్చిన గుర్రపుస్వారీ అమ్మాయి వంతు ఎవరిదో అడగనే లేదు. "దుంప పెట్టే ఇల్లేది?" అని ఫిలెము ఇంటికే నడిచింది. ఆ తర్వాతది పసుపు చీర నాట్యకత్తె, కాలికి గజ్జెలు. ఆమె బొప్పాయి తింటూ, "గొంతులోంచి ఊపిరి తీస్తావేంటి? కడుపులోంచి తియ్యి. గొంతు ఉట్టి గుమ్మమే," అంది.

సంఘంలో గొణుగుడు మొదలైంది. అందరికంటే పెద్ద గొణుగుడు అవేయోలేలా అత్తది. ఫిలెముకి స్వయానా మేనత్త మరి.

"మా వంతు మాంసం డబ్బా అలాగే మిగిలిపోయింది. నీకు సిగ్గులేదుటే? మహారాణులకి అరటికాయ పెడతావా?"

"నువ్వూ తిని చూడత్తా."

"నేనా? నా పళ్ళు అంత దిక్కుమాలినవి అనుకున్నావా?" అంటూనే ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు లేదంది. ఇంకొకటి తీసుకుంది. ఉప్పు అప్పటికీ లేదట. ఆకు ఖాళీ అయ్యాక, "అతిథులొచ్చే ఇంట్లో ఇంత తక్కువ వండుతారా," అని తిడుతూ వెళ్ళిపోయింది.

ఫిలెము సన్నబడిందనుకోకండి. మా ఊళ్ళో సన్నబడితే జబ్బేమో అని ప్రార్థన పెడతారు. ఆమె గట్టిపడింది. పిక్కలు తాటిమొద్దుల్లా నిలిచాయి. గట్టు ఒక్క ఊపున ఎక్కేది. మడమ మీద మానని పుండు మానింది. నర్సమ్మ రెండుసార్లు చక్కెర చూసి, మిషన్ మీద అనుమానంతో మూడోసారి చూసింది. కొండ మీద నుంచి కొబ్బరికాయల కావిడి మోసుకొస్తూ పాడే ఆమె పాట ఇప్పుడు చర్చి గంట దాకా వినపడేది. అది విని, చర్చి గాయక బృందాన్ని చూసుకునే నేను, ముందు వరసలోకి రమ్మన్నాను. "రానక్కా, నలుగురూ చూస్తారు," అంది. ఒళ్ళు గట్టిపడినా గుండెకి ఇంకా ఆ కబురు చేరలేదు.

మాటల పోటీ శనివారం దగ్గరపడింది. ఇయోపు ఊరికే ఉండలేదు. పందుల్ని కోయించి, డబ్బా చేపలు అట్టపెట్టెలు అట్టపెట్టెలుగా ఇంటింటికీ పంచాడు. మా పద్ధతి మీకు చెప్పాలి. మాట్లాడే మనిషి వెనక వాళ్ళ ఇంట తిన్నవాళ్ళు కూర్చోవాలి. వెనక ఎవరూ లేకపోతే నోరు తెరిచే హక్కే లేదు. కుటుంబం మొత్తం ఇయోపు పంది తిన్నది.

"నా వెనక ఎవరు కూర్చుంటారత్తా?" అని ఫిలెము అడిగింది.

"నన్నడుగుతావేం? నాకు బట్టలున్నాయి ఉతకడానికి," అని అత్త తలుపు వేసుకుంది.

ఆ వారాల్లో వాన పట్టుకుంది. నాట్యకత్తె రెండోసారి దిగివచ్చిన దుప్పటి ఆరలేదు. అత్త దాన్ని తొట్లోనే ఉంచి, సినిమాకి తన పెట్టెలోని పెళ్ళినాటి దుప్పటి కట్టింది. దానిలోంచి గుర్రపు అమ్మాయి రెండోసారి దిగింది. ఆ దుప్పటీ తొట్లోకే పోయింది. తర్వాత శుక్రవారం పాస్టరమ్మగారి దుప్పటి అడిగి తెచ్చింది. కత్తి వీరురాలు దిగింది. ఈలోగా ఎండ వచ్చింది, మామిడిపండులాంటి ఎండ. అయినా దుప్పట్లు మూడూ తొట్లోనే నానుతున్నాయి.

ఇయోపు లారీ ఆపి అడిగాడు. "ఏంటత్తా, ఇంత ఎండలో ఆరెయ్యవేం?"

"మరకలున్నాయి."

"మూడింటి మీదా?"

"ఓరేయ్, వక్త పదవికి పోటీ చేస్తున్నావా, చాకలి పదవికా?"

శనివారం పొద్దున పచ్చిక చుట్టూ ఊరంతా కూర్చుంది. ఇయోపు వెనక చాపలు నిండిపోయాయి. అత్త కూడా అక్కడే, మొహం గంటు పెట్టుకుని. ఫిలెము తండ్రి కర్ర పట్టుకుని ఇవతల నిలబడింది. వెనక ఖాళీ చాప ఒక్కటి గాలికి అంచు లేపుతోంది. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ముగ్గురూ వచ్చారు. నల్లబట్టలు, పసుపు చీర, తోలు బూట్లు. వచ్చి చాప మీద వరసగా కూర్చున్నారు.

"పెద్దయ్యా, వీళ్ళు సినిమావాళ్ళు!" అని ఇయోపు లేచాడు.

ఊరిపెద్ద వాళ్ళ వైపు చూశాడు. "ఈ పిల్ల ఇంట్లో తిన్నారా?"

"తిన్నాం," అన్నారు ముగ్గురూ.

"అయితే కూర్చోవచ్చు. ఇయోపూ, నువ్వు మొదలుపెట్టు."

అబద్ధం చెప్పకూడదు, ఇయోపు బాగా మాట్లాడాడు. నవ్వించాడు. చల్లటి గోదాము కళ్ళ ముందు నిలబెట్టాడు. తర్వాత ఫిలెము. ప్రతి కుటుంబాన్నీ వరస తప్పకుండా పేరుపేరునా పలకరించాలి. ఒక్క పేరు తప్పినా అక్కడితో సరి. సగం పేర్లయ్యాక గొంతు ఆగిపోయింది. ఊరంతా చూస్తోంది. నా చేతులు ఒళ్ళోనే జోడించుకున్నాను, ప్రభువా, ఈ పిల్లని విడువకు అని.

వెనక నుంచి గజ్జె ఒక్కసారి ఘల్లుమంది. అంతే. ఆ ముగ్గురూ విసనకర్రలు తీసి ఆమె మీద ఈగ వాలకుండా విసరడం మొదలుపెట్టారు, ఆమె అతిథి అయినట్టు, వాళ్ళు ఇంటివాళ్ళయినట్టు.

ఫిలెము పాదాలు సర్దుకుంది. ఊపిరి కడుపులోంచి తీసింది. మిగిలిన పేర్లన్నీ పలికింది, సముద్రం ఒడ్డున వల సర్దుతున్నవాళ్ళు తలలు తిప్పేంత గట్టిగా.

"మా అన్నయ్య గోదాము కట్టాలంటున్నాడు. కట్టమనండి, రోడ్డు పక్కన జాగా ఉంది. మొన్న తుఫానుకి కరెంటు పోయిన వారాల్లో దుకాణాల్లో కోళ్ళు ఏమయ్యాయి? ముక్కులు మూసుకుని పాతిపెట్టాం. అప్పుడు మీరంతా బుట్టలు పట్టుకుని ఎక్కడికొచ్చారు? కొండవాలుకి. దుంప మట్టిలో పడుకుని ఉంది, దానికి కరెంటు అక్కర్లేదు. మా నాన్న ఎవరినీ పేరడగలేదు. అన్నయ్యా, నువ్వు రెండు బుట్టలు తీసుకెళ్ళావు. ఇంకొకటి కావాలంటే ఇప్పుడూ రా."

నవ్వు ముందు ఇయోపు వెనక నుంచే లేచింది. ఆ నవ్వులోంచి అవేయోలేలా అత్త లేచి, తన చాప చుట్టి చంకన పెట్టుకుని, పచ్చిక అడ్డంగా నడిచి వచ్చి ఫిలెము వెనక పరుచుకుంది.

"నేనూ ఆ ఇంట్లో తిన్నాను," అంది ఊరందరికీ వినపడేలా. "అరటికాయ. ఉప్పు లేదు."

ఆమె వెనక ఇంకో చాప వచ్చింది. ఆ వెనక ఇంకోటి. ఇయోపు కాసేపు కర్ర వైపు చూశాడు, తర్వాత తన చాప తనే చుట్టుకున్నాడు. వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. మంచివాడే, లారీయే కాస్త తొందరపాటుది.

మధ్యాహ్నం అత్త దుప్పట్లు మూడూ పిండి ఆరేసింది. ఎండకి చిటికెలో ఆరాయి. మరక ఒక్కటీ లేదు, మొదటినుంచీ లేదు. అతిథులు ఒక్కొక్కరే ఫిలెము బుగ్గకి బుగ్గ ఆనించి వెళ్ళిపోయారు.

మరుసటి శుక్రవారం రెండో శంఖం తర్వాత మళ్ళీ సినిమా. ఎక్కడో మంచు కురిసే దేశం, పెద్ద బల్ల, ఒంటరిగా ఒక హీరోయిన్, మేమెప్పుడూ చూడని అమ్మాయి. ముందు కంచం ఉంది. చెంచా తీసింది, పెట్టేసింది. అటూ ఇటూ చూసింది. ఏడుస్తుందో, లేచిపోతుందో అని మేమంతా ఎదురుచూస్తున్నాం.

ముందు వరసలో ఒళ్ళో కర్ర అడ్డంగా పెట్టుకుని కూర్చున్న ఫిలెము, బుట్టలోంచి చేమదుంప ముక్క తీసి కొరికింది.

తెర మీద ఆ అమ్మాయి ఆమె వైపు చూసి, చెంచా అందుకుని తినడం మొదలుపెట్టింది.