అద్దంలా తుడిచిన షెడ్డు

ఆఫీసరు గుమ్మంలో నిలబడి షెడ్డంతా ఒక్కసారి కలయజూశాడు. నమస్కారం పెట్టబోయిన మోటారమ్మ అక్కడే ఆగిపోయింది. అది మెచ్చుకోలు చూపు కాదు, దొంగ దొరికిందన్న చూపు!

కాలిపోయిన కరెంటు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి బతికించడం ఆమె పని. ఆమెను వీధంతా మోటారమ్మ అనే పిలుస్తుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకరి దగ్గర జీతానికి తీగ చుట్టింది. బయటివాళ్ళు సొంత షాపు పెడితే పెట్టే బేడా సర్దుకోవాల్సిందేనని అప్పటి చట్టం. పోయిన ఏడాది అది మారింది. సొంత పెట్టుబడితో పని మొదలుపెట్టి, అయిదుగురు స్థానికులకు నిజమైన ఉద్యోగాలిచ్చిన వాళ్ళు కుటుంబంతో సహా ఉండిపోవచ్చు. మోటారమ్మ కూడబెట్టిందంతా ఈ షెడ్డులో పోసింది. ఇవాళ తనిఖీ గట్టెక్కితే ఇక్కడే బతుకు. లేకపోతే షెడ్డుకు తాళం, అయిదుగురూ వీధిలో, తనూ అత్తగారూ విమానంలో.

"ఇది వర్క్‌షాపా, పెళ్ళివారి విడిదా?" అన్నాడు ఆఫీసరు.

నేల మీద చుక్క నూనె లేదు. బల్లలకు కొత్త రంగు. పనిముట్లన్నీ తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. అయిదుగురు పనివాళ్ళూ ఇస్త్రీ చొక్కాలతో, ఫొటోకి నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు.

"కొత్త చట్టం వచ్చాక ఇలాంటివి చాలా చూశానమ్మా. అద్దె బల్లలు, అద్దె మనుషులు. వీళ్ళనెక్కడ పట్టారు, నాటక కంపెనీలోనా?"

"ఎవర్ని సార్ అద్దె మనిషంటున్నారు?" వరసలోంచి మీటరు గయ్యిమంది. తీగల్లో కరెంటు పరీక్షించే మీటరు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కాబట్టి ఆమెకా పేరు. ఇవాళ మాత్రం అత్తగారు తీయించేసింది, మెడలో ఆ పలుపేమిటని.

"సరే. రిపేరుకొచ్చిన మోటార్లు చూపించండి."

"తీగ చుట్టేసినవి వెనక పెరట్లో ఉన్నాయి సార్, రండి."

వాళ్ళు కదిలేలోపే లాండ్రీ ఆయన సుడిగాలిలా వచ్చిపడ్డాడు. "నా మోటారేదమ్మా? పొద్దున్నే ఇస్తానన్నావు! ఆసుపత్రి దుప్పట్లన్నీ నానబోసుకుని కూర్చున్నా!"

అందరూ ఒక్కసారే పెరట్లోకి వెళ్ళారు. పెరడు ఖాళీ. చీపురు గీతలు తప్ప ఏమీ లేవు.

"ఆ తుప్పు చెత్తా?" అత్తగారు చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ వచ్చింది. "పొద్దున పాత ఇనుము లారీ పోతుంటే ఆపి ఎక్కించేశా. పైసా అడగలేదు, పాపం మంచివాడు."

"అత్తయ్యా!"

"అరుస్తావేమే? ఆఫీసరొస్తాడు, కంటికి చెత్త కనపడకూడదన్నది నువ్వే కదా!"

నిజమే. అన్నది తనే. ఆ మాట అని రంగు డబ్బాలు ముందేసుకుని కూర్చుంది, వెనక్కి తొంగి చూడలేదు. ఒక్క ఉదుటున వ్యాను వైపు పరుగెత్తింది.

"ఎక్కడికి?" ఆఫీసరు కేకేశాడు.

"పాత ఇనుము యార్డుకి! మీరూ ఎక్కండి సార్! పారిపోయామని రాసేస్తారు మళ్ళీ!"

పనివాళ్ళలో పొడుగాయన స్టీరింగు పట్టాడు. మిగతావాళ్ళు వెనక కిక్కిరిశారు. ఆఫీసరు అత్తగారికీ లాండ్రీ ఆయనకీ మధ్య అప్పడంలా అతుక్కుపోయాడు. మలుపు మలుపుకీ ముగ్గురూ ఒకవైపు ఒరిగిపోతున్నారు.

"నెమ్మది నాయనా, లోపల ప్రభుత్వం ఉంది!" అంది అత్తగారు.

పాత ఇనుము యార్డులో క్రేను పనిలో ఉంది. దాని అయస్కాంతం కుప్పలోంచి ఇనుము లాగి, నలగ్గొట్టే ప్రెస్సులో పడేస్తోంది. ఇప్పుడు గాల్లో వేలాడుతున్నది పచ్చరంగు మోటారు.

"నాదే! అది నాదే!" లాండ్రీ ఆయన గొంతు చించుకున్నాడు.

మోటారమ్మ చేతులూపుతూ పరుగెత్తింది. క్రేను చప్పుడులో ఆమె కేక ఎవరికీ వినపడలేదు. మోటారు ప్రెస్సు మీదికి వచ్చేసింది. అప్పుడు ఆఫీసరు ఆమెను దాటి దూసుకుపోయాడు. జేబులోంచి సర్కారు కార్డు లాగి నెత్తిమీద ఎత్తిపట్టి, "ఆపు! ప్రభుత్వ తనిఖీ!" అని గావుకేక పెట్టాడు. క్రేను బిగుసుకుపోయింది.

యార్డు యజమాని ముఖం పాలిపోయింది. సంగతి విన్నాక మళ్ళీ రంగు తిరిగింది. "మీ మోటార్లని రుజువేంటి? ఊళ్ళో మోటార్లన్నీ చచ్చేది ఇక్కడే. పోయిన కుప్ప ఎవరిదో, కొత్త కుప్ప ఎవరిదో నాకేం తెలుసు?"

"ముడులు చూడండర్రా!" అంది మోటారమ్మ.

తీగ చుట్టాక చివర్లు దారంతో కట్టాలి. చుట్టిన చెయ్యే ముడి వెయ్యాలని ఆమె షెడ్డులో నియమం. అయిదుగురూ ఇస్త్రీ చొక్కాలతోనే కుప్ప మీద పడ్డారు. పొడుగాయనది ఎడమచెయ్యి, అతని ముడి తిరగేసి ఉంటుంది. మీటరు జడ అల్లినట్టు కడుతుంది. ఒక్కొక్క మోటారూ బయటికొస్తోంది.

ఆఫీసరు తనే వంగి ఒకటి లాగి, మీటరు ముందు పెట్టాడు. "ఇదెవరిది?"

ఆమె వేలు పెట్టి ఒక్క క్షణం తడిమింది. "ఇంకెవరిది, ఈ పొట్టాయనదే! కొస కత్తిరించరా అంటే కత్తిరించి చావడు."

"నీ జడ విప్పలేక మొన్న గంట చచ్చాన్నేను, అది చెప్పవే!" అన్నాడు పొట్టాయన.

"నువ్వు చుట్టింది పదిసార్లు నేను విప్పలేదూ?"

"ఇద్దరూ నోరు ముయ్యండి, నా మోటారు మీద నిలబడ్డారు!" పొడుగాయన అరిచాడు.

ఆఫీసరు నూనె చేతులతోనే నుదురు తుడుచుకుని పకపకా నవ్వేశాడు. "చాలమ్మా, చాలు! అద్దె మనుషులు ఇంత సొంతంగా పోట్లాడుకోరు. నెలల తరబడి ఒకేచోట పనిచేస్తే గానీ ఈ తిట్లు రావు."

అక్కడే, బోర్లించిన ఓ డ్రమ్ము మీద కాగితం పెట్టి అనుమతి రాసి ముద్ర గుద్దాడు. మోటారమ్మ కాగితం రెండు చేతులా పట్టుకుంది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఆమె చూపు ఆయన భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడ యార్డు గోడ పొడుగునా చచ్చిన మోటార్లు కొండలా పడి ఉన్నాయి. సగానికి సగం తీగ మారిస్తే లేచి కూర్చునేవే!

"సార్, ఇంకో నలుగుర్ని పెట్టుకుంటే మళ్ళీ మీ అనుమతి కావాలా?"

"అక్కర్లేదు. ఎందుకమ్మా?"

ఆమె అప్పటికే యార్డు యజమాని వైపు నడుస్తోంది. "అన్నా, ఆ ప్రెస్సు కాసేపు ఆపు. నీతో బేరం ఉంది."