మాట ఆగితే క్రేన్ ఆగాలి

అతణ్ని అందరూ పైవాడు అనేవాళ్ళు. దేవుడికి ఉండాల్సిన పేరు క్రేన్ డ్రైవరుకి వచ్చిందంటే దానికో కారణం ఉంది. ఆ ఆస్పత్రి కట్టడం దగ్గర ఏ సామాను కావాలన్నా కిందున్నవాళ్ళు తలెత్తి ఆకాశం వైపు చూడాల్సిందే. "పైవాడు దయ తలిస్తే మధ్యాహ్నానికి ఇనుము దిగుతుంది" అని మేస్త్రీలు చెప్పుకునేవాళ్ళు. అతను భోజనానికి నిచ్చెన దిగి వస్తుంటే "పైవాడు దిగొచ్చాడురోయ్, జరగండి" అని బల్ల మీద చోటిచ్చేవాళ్ళు. అతనూ ఆ పేరుకి లోలోపల మురిసిపోయేవాడు, బయటికి మాత్రం విసుక్కునేవాడు.

అలాంటి పైవాడికి పైనుండాలంటే భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. అప్పటికి గాజు పలకల కట్ట ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. అది గిర్రున తిరిగి గోడని రాసుకుంటూ పోయింది. అతను కూర్చున్న అద్దాల గది నిలువునా ఊగింది. పలకలు పగల్లేదు, ఎవరికీ గీతైనా పడలేదు. కానీ అతని పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాటి నుంచి లివర్ల మీద చేతులు వేస్తే చాలు, ముచ్చెమటలు పోసేవి. నిచ్చెన సగం ఎక్కి అక్కడే ఆగిపోయేవాడు. చెట్టంత మనిషి, ఎవరికి చెప్పుకుంటాడు?

భార్యకి చెప్పాడు. ఆవిడ "పైన కాకపోతే కింద చేసుకో, నువ్వు ఇంటికి రావడం నాకు కావాలి" అంది. అందులో తప్పేమీ లేదు. కానీ పెళ్ళికి ముందు నుంచీ ఆ అద్దాల గదే అతని లోకం. పొద్దున్నే మంచు తొలగి ఊరంతా కళ్ళ ముందు పరుచుకునే ఆ ఘడియ కోసమే అతను లేచేవాడు. కింద స్టోర్‌లో బోల్టులు పంచుకుంటూ బతకడమంటే అతనికి బతికుండగానే మూలన పడేసినట్టు. ఈ భయం పోకపోతే ఇక దిగిపోవడమే. అదొక్కటే రాత్రీ పగలూ అతన్ని తినేస్తోంది.

చివరికి మేనత్త పట్టేసింది. ఆవిడ ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళ మొహం చూస్తే చాలు, జ్వరం ఎంతుందో చెప్పేస్తుంది.

"ఏరా, తిండి మానేశావా, నిద్ర మానేశావా?"

"రెండూనత్తా" అని అంతా చెప్పేశాడు.

ఆవిడ ఓదార్చలేదు. "పసిబిడ్డకి సూది పెట్టాల్సొచ్చినప్పుడు నా చేతులూ వణికేవి. తల్లి పక్కనే నిలబడి చూస్తుంటుంది, వణికితే కుదురుతుందా? లోపల ఒకే మాట అనుకునేదాన్ని. 'నువ్వున్నావు'. అంతే. మెల్లగా, ఊపిరితో పాటు అనుకుంటూ పోవడమే."

"నాకు దేవుడి మీద అంత పట్టింపు లేదు కదత్తా."

"నీకు లేకపోతే ఆయనకేం నష్టంరా? నమ్మకం సంగతి తర్వాత, ముందు నోరు కదలనీ."

కదిలించాడు. మొదట్లో తనకే నవ్వొచ్చింది. ఎవరున్నారని, ఎక్కడున్నారని? కానీ ఊపిరి పీలుస్తూ 'నువ్వు', వదులుతూ 'న్నావు' అనుకుంటూ పోతే భుజాలు వాటంతటవే కిందికి దిగేవి. వేళ్ళు మళ్ళీ వేళ్ళలా పనిచేసేవి. భయం పోలేదు గానీ, ఎదురుగా నిలబడి గుడ్లురిమేది కాస్తా మూలకెళ్ళి కూర్చుంది. అతను మళ్ళీ ఇంట్లో రెండోసారి కూర వేయించుకోవడం మొదలుపెట్టాడు. భార్య గిన్నె దగ్గరికి జరిపింది.

ఇక్కడ క్రేన్ పని గురించి కొంచెం చెప్పాలి. గోడ అవతల దింపేటప్పుడు బరువు డ్రైవరుకి కనబడదు. కిందున్న సిగ్నల్ మనిషి వాకీటాకీలో "దింపు, దింపు, దింపు" అని ఆపకుండా చెబుతూనే ఉండాలి. ఆ మాట వినబడుతున్నంతసేపే క్రేన్ కదలాలి. మాట ఆగిందా, కారణం ఏదైనా సరే, క్రేన్ ఆగాలి. రెండు చేతులూ లివర్ల మీదే ఉంటాయి గనక డ్రైవరు తిరిగి మాట్లాడడానికి కాలి కింద బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే అతని మాట అందరి వాకీల్లోకీ వెళ్తుంది. నొక్కి ఉన్నంతసేపూ కింది మాట మాత్రం పైకి రాదు.

అతనికి సిగ్నల్ ఇచ్చేది సిగ్నలక్క. వయసులో పెద్దది, గొంతు బొంగురు. ఆవిడ ఇంట్లో కూడా మొగుణ్ని "కుడికి, కుడికి, ఆపు" అనే పిలుస్తుందని సైట్లో ఒక జోకు.

ఆ రోజు గోడ అవతలికి ఇనప దూలాల కట్ట దింపుతున్నారు. గాలి కొంచెం ఎక్కువగానే ఉంది. పైవాడు అలవాటు ప్రకారం మాట మొదలుపెట్టాడు. ఆ మాటకి చేతులైతే లొంగాయి గానీ, కాలి సంగతి ఎవరు చూశారు? అది బిగుసుకుపోయి బటన్ మీద దిగబడింది. "నువ్వున్నావు... నువ్వున్నావు..." అని కట్టడంలో ఉన్న ప్రతి వాకీలోనూ, ప్రతి అంతస్తులోనూ మోగడం మొదలైంది. రంగులేసేవాళ్ళు బ్రష్షులు దించారు. ప్లంబరొకడు "ఎవర్రా ఉన్నది?" అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కింద దూలాల కట్ట తాడు ఒకటి పిట్టగోడకి తగులుకుంది. సిగ్నలక్క "ఆపు! ఆపు!" అని గొంతు చించుకుంది. ఆ అరుపు పైకి చేరే దారే లేదు. కానీ పైవాడి చెవికి "దింపు" అన్న మాట కూడా చేరలేదు. అది చేరకపోయేసరికి, ఏళ్ళుగా ఒంటబట్టిన అలవాటుకొద్దీ చెయ్యి లివరుని మధ్యకి తెచ్చేసింది. కట్ట ఆగింది. తాడు తెగలేదు.

ప్రమాదం తప్పింది గానీ పరువు దక్కలేదు. అతను దిగేసరికి భోజనాల బల్ల దగ్గర జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. "పైవాడే ఇంకో పైవాణ్ని పిలుస్తుంటే మా గతేంటి స్వామీ?" అన్నాడొక మేస్త్రీ. ఇంజనీరు మాత్రం నవ్వలేదు.

"రేపు డాబా మీదికి ఏసీ ప్లాంటు పెద్ద మెషీన్ ఎక్కిస్తున్నాం. నీ నోటి నుంచి ఒక్క అనవసరమైన మాట వాకీలో వినబడినా, నిన్ను దించేసి ఇంకొకర్ని ఎక్కిస్తా. తర్వాత స్టోర్‌లో చూసుకుందువు గానీ" అన్నాడు.

ఆయన చెప్పిందీ న్యాయమే. పైవాడికి తల కొట్టేసినట్టయింది. ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు. అత్త ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ మాట ఇక అనకూడదని తీర్మానించుకున్నాడు. కాలిది తప్పైతే శిక్ష నోటికి వేశాడన్నమాట. సిగ్గుపడ్డ మనిషి తెలివి అలాగే ఉంటుంది.

మర్నాడు మెషీన్ నేల విడిచింది. చిన్న బస్సంత ఉంది. డాబా అంచు దాటేదాకా కళ్ళెదుటే ఉంది గనక బాగానే నడిచింది. అంచు దాటి గోడ వెనక్కి వెళ్ళగానే లోకమంతా సిగ్నలక్క గొంతొక్కటే అయింది. "దింపు, దింపు, దింపు." గాలి వచ్చింది. గది ఊగింది. అతను పెదవులు బిగించాడు. బిగించేకొద్దీ ఊపిరి పైపైనే ఆడింది, చేతులు చల్లబడ్డాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. సిగ్నలక్క ఇంకా దింపు అంటూనే ఉంది, అతనే లివర్ మధ్యకి తెచ్చేసి కొయ్యబారిపోయాడు. మెషీన్ గాల్లో వేలాడుతోంది. ఇక అయిపోయింది, దిగిపోవాల్సిందే అనుకున్నాడు.

కింద దింపు అనడం ఆగింది. తర్వాత వాకీ గరగరలాడింది.

"తమ్ముడూ, వినబడుతోందా?"

అతను కాలితో నొక్కాడు. "వినబడుతోంది."

"నోరు మూసుకున్నావు కదూ?"

ఇంజనీరు వింటున్నాడు. అందరూ వింటున్నారు. "మూసుకున్నానక్కా" అన్నాడు.

"మూసుకోమని ఎవరన్నారు? బటన్ మీంచి కాలు తియ్యమన్నారు గానీ. కాలు తీసి సీటు కిందికి ముడుచుకో. నీ మాట నువ్వు అనుకో, నా మాట నేనంటా. బరువు కదలకుండా ఉంది, గాలి తగ్గేదాకా ఆగుదాం. నేనెక్కడికీ పోను."

అతను ఇంజనీరు గొంతు కోసం ఎదురుచూశాడు. కాసేపటికి అదీ వచ్చింది. "అక్క చెప్పినట్టు కానివ్వండి."

అతను కాలు వెనక్కి ముడిచాడు. నోరు తెరిచాడు. మొదటి మాట బయటికి వచ్చేసరికి ఏడుపొచ్చింది, సిగ్గేమీ పడలేదు, చూసేవాళ్ళు ఎవరున్నారు గనక. నువ్వున్నావు. నువ్వున్నావు. భుజాలు దిగాయి. గాలి నెమ్మదించాక కింది నుంచి "దింపు, దింపు" అన్న మాట మొదలైంది. పైన ఒక మాట, కింద ఒక మాట, రెంటి మధ్యా మెషీన్ పసిపాపని పడుకోబెట్టినట్టు దిమ్మె మీద ఆనింది. "ఆపు. కూర్చుంది" అంది సిగ్నలక్క. డాబా మీద చప్పట్లు గాలికి కొట్టుకుని పైకొచ్చాయి. అతను సీట్లో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

దిగి తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్ళాడు. ఆవిడ డాబా మెట్ల మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది.

"అక్కా, నోరు మూసుకున్నానని నీకెలా తెలిసింది?"

"నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందిరా? నిన్న నీ మాట విన్నప్పట్నుంచీ నేనూ అదే అనుకుంటున్నా. మధ్యలో భయమేసి ఆపేశాననుకో, ఇదిగో, ఈ కాళ్ళు ఇలాగే బిగుసుకుపోతాయి. నీ బరువు కూడా ఇలాగే బిగుసుకుంది, చూడగానే అర్థమైంది."

"నీకు భయమా?" అన్నాడు అతను.

"బరువు కింద నిలబడేది నేను. నీకు అక్కడ కుర్చీ అయినా ఉంది."

ఇన్నాళ్ళూ భయమంతా తన గదిలోనే ఉందనుకున్నాడు అతను. ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేకపోయారు. కాసేపయ్యాక అతను ఫోన్ తీసి అత్తకి చేశాడు. "దిగిందత్తా" అన్నాడు. ఏం దిగిందని ఆవిడ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన ఎక్కాడు. సగంలో ఒకసారి ఆగాడు, మళ్ళీ ఎక్కేశాడు. సీట్లో కూర్చుని కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు. మంచు తొలగి ఊరు కనబడుతోంది. కింద ముంగిట్లో సిగ్నలక్క తలెత్తి చూస్తోంది, వాకీ ఇంకా నడుముకే ఉంది. అంత దూరం నుంచి కూడా ఆవిడ పెదవులు కదులుతున్నట్టు అతనికి తెలిసింది. అతనూ మొదలుపెట్టాడు. అప్పుడు ఆవిడ వాకీ చేతిలోకి తీసుకుని, "ఎత్తు" అంది.