ఐలీన్ బండిలో పెట్రోలు గొట్టం

ఇంగ్లండులో లడ్లో అనే ఊరి పాత స్పోర్ట్స్ కార్ల క్లబ్బులో లెనర్డ్ పార్జిటర్ మాటకి తిరుగులేదు. కర్టెన్ల దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అతని ఆకుపచ్చ కారు బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ ఒక్క వైరు కూడా వంకరగా కనబడదు. ఏటా క్లబ్బు పోటీలో ఎవరి బండి ముస్తాబు బాగుందో తేల్చేది అతనే. మెచ్చుకోవడం కంటే వెక్కిరించడం అతనికి తేలిక. నవ్వేవాళ్ళు చుట్టూ ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ ఏడు ఐలీన్ బఫ్టన్ కొత్తగా చేరింది. పళ్ళ డాక్టరుగా చేసి మానేశాక, షెడ్డులో తుప్పు పట్టిన రెండు సీట్ల కారొకటి పెట్టుకుని సొంతంగా బాగుచేసుకుంది. వసంతంలో ఒక ఆదివారం, క్లబ్బువాళ్ళు కలిసే పబ్బు వెనక ఆవరణలో మొదటిసారి అందరి ముందూ బానెట్ ఎత్తింది. పెట్రోలు గొట్టాన్ని ఇంజను ముందు నుంచి చుట్టు తిప్పి తెచ్చి, జానెడుకో క్లిప్పు బిగించింది. లావుపాటి నల్ల గొట్టం, దాని పొడుగునా తెల్ల అక్షరాలు.

లెనర్డ్ బీరు గ్లాసు పట్టుకుని తొంగి చూశాడు.

"ఏంటమ్మా ఇది? ఇంజనుకి సెలైన్ ఎక్కిస్తున్నావా?"

అందరూ ఘొల్లుమన్నారు. ఐలీన్ కూడా నవ్వబోయింది.

"వేడి తగలకుండా తిప్పానండి. ఇప్పుడొచ్చే పెట్రోలుకి పాత రబ్బరు ఆగదట. అందుకే ఈ రకం కొన్నాను."

"అన్నీ వింటూ కూర్చుంటే బండి బయటికే తీయలేవు. పైన నూలు అల్లిక ఉన్న పాతకాలం గొట్టం తెచ్చుకో. ఇంజను వెనకనుంచి దగ్గరి దారిలో లాగెయ్. నా బండిలో అలాగే ఉంది. ఎన్నేళ్ళైందో అడుగు వీళ్ళని!"

ఐలీన్ బానెట్ దించేసింది.

జూన్‌లో క్లబ్బువాళ్ళంతా బళ్ళు వేసుకుని క్లీ కొండకి బయల్దేరారు. లెనర్డ్ ముందు ఐలీన్ బండి పోతోంది. ఎక్కుడులో నెమ్మదించింది, దగ్గింది, బానెట్ సందుల్లోంచి పొగ, వెంటనే మంట. ఐలీన్ పక్కకి ఆపి దూకింది, సీటు కిందనుంచి మంటలార్పే సిలిండరు లాగి తానే ఆర్పేసింది. బానెట్ రంగు బొబ్బలెక్కింది. ఆమె అరచెయ్యి కూడా.

బళ్ళన్నీ ఆగాయి. రోనీ టజ్‌వెల్ అనే లావుపాటాయన ముందుకొచ్చాడు.

"పన్ను పీకినట్టు కాదు డాక్టరమ్మా, బండి బాగుచెయ్యడమంటే!"

ఒకరిద్దరు నవ్వారు. అందరూ లెనర్డ్ వైపు చూశారు, ఏం చెబుతాడా అని. అతను వంగి లోపలికి చూశాడు. నూలు అల్లిక గొట్టం, అతను చెప్పిన దారిలోనే, పొగగొట్టాన్ని ఆనుకుని పోతోంది. ఎండిన తోలులా పగిలింది. అతని బండిలో పొగగొట్టం అవతలి పక్కన ఉంటుంది. ఆమె బండిలో ఇవతల. ఆ రోజు తల కాస్త వంచి ఉంటే కనబడేది. వంచలేదు.

"క్లిప్పు సరిగా బిగించినట్టు లేదు," అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఐలీన్ తలెత్తి ఒక్కసారి చూసి, చెయ్యి తడిగుడ్డలో చుట్టుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది.

గడ్డిమీద దుప్పట్లు పరిచి ఫ్లాస్కులు విప్పారు. ఎవరో లెనర్డ్‌కి కేకు ముక్క అందించారు. "చూడగానే పట్టేశావయ్యా!" అన్నారు. ఆ ముక్క నోట్లో పిండిముద్దలా ఉండిపోయింది. ఉమ్మేయలేక, మింగలేక లేచి ఐలీన్ దగ్గరికి నడిచాడు.

"ఐలీన్, క్లిప్పు కాదు. నేను..."

"తెలుసు," అందామె. "మొదట వేసిందే మంచిదని కూడా తెలుసు. మీరు నవ్వారని మార్చాను. ఈ వయసులో, ఇంత చదివి, నలుగురు నవ్వితే మార్చాను. ఆ సిగ్గు నాది, నేను పడతాను. క్లిప్పు మాట మీది. అది నాకు కాదు, అక్కడ చెప్పండి."

అక్కడికి ఇరవై అడుగులు కూడా ఉండదు. లెనర్డ్‌కి కొండ మళ్ళీ ఎక్కినట్టయింది.

"క్లిప్పులు బాగానే ఉన్నాయి," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "గొట్టం మార్చమన్నదీ, ఆ దారిలో వెయ్యమన్నదీ నేనే. ఆమె బండి వంగి చూడకుండానే చెప్పాను. ఇందాక అబద్ధమాడాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. రోనీ చేతిలో కప్పు కింద పెట్టాడు.

"మరి నాకూ అదే గొట్టం వేయించావు కదయ్యా?"

"నాక్కూడా," అన్నారింకెవరో.

రోడ్డు పక్కన వరసగా బానెట్లు లేచాయి. లెనర్డ్ ఒక్కో బండి పక్కనా మోకాళ్ళమీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. రోనీ బండిలో గొట్టం ఉబ్బి, వేలితో నొక్కితే చెమ్మగా తగిలింది. ఆ వేలు పెట్రోలు కంపు కొట్టింది. ఇంకో రెండు బళ్ళలోనూ అదే సంగతి. ప్రతిసారీ లేచి, ఆ బండివాళ్ళ మొహం చూసి, "నడపొద్దు," అని చెప్పాల్సి వచ్చింది. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఫోన్లు తీసి, బళ్ళు మోసుకెళ్ళే లారీల కోసం మాట్లాడుకున్నారు. "ఈసారి పోటీకి జడ్జిగా ఇంకెవరినన్నా చూసుకోండి," అని అతనంటే, "చూసుకుంటాంలే," అన్నాడు రోనీ, అటు తిరిగే.

అతని ఆకుపచ్చ బండి మాత్రం, గొట్టం నొక్కి చూసినా చెమ్మ తగలక, ఏ లోపమూ లేకుండా మెరుస్తూ నిలబడింది. దాన్ని చూడాలంటేనే అతనికి రోతగా ఉంది. ఎవరినైనా దింపనా అని అడిగాడు. అక్కర్లేదన్నారు.

ఐలీన్ వచ్చి తలుపు తీసుకుని కూర్చుంది.

"చెయ్యి మండిపోతోంది. ఆసుపత్రికి పోనివ్వండి. దారిలో ఏమీ మాట్లాడక్కర్లేదు."

అతను బండి తీశాడు. మలుపుల దగ్గర ఆమె చెయ్యి అదరకుండా నెమ్మదిగా నడిపాడు.