ఎవరూ నడవని చోటు

బొమ్మలు వెయ్యడం నేర్చుకుందామని నేను విశాఖపట్నం వెళ్ళాను. వెళ్ళిన మొదటి ఏడాదే, ఒక గ్యాలరీలో ఒక పెద్దమనిషి పొద్దున పది నుంచి గంటల తరబడి తలుపు తట్టడం చూశాను. గోడకి ఆనించిన పాత టేకు తలుపది. వెనకాల గోడ తప్ప ఇంకేమీ లేదు. ఆయన తట్టేవాడు, కాసేపు ఆగేవాడు, మళ్ళీ తట్టేవాడు. ఆయన పేరు విజయభాస్కర్ అనీ, దీన్ని పెర్ఫార్మెన్స్ అంటారనీ మా సీనియర్లు గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించి చెప్పారు. నాకు నవ్వాగలేదు. ఈ లెక్కన మా ఊరి పోస్ట్‌మ్యాన్ రోజూ ప్రదర్శన ఇస్తున్నట్టే కదా అన్నాను.

ఆ మధ్యాహ్నం మూడింటికి, మర్చిపోయిన గొడుగు కోసం మళ్ళీ వెళ్ళాను. హాల్లో ఎవరూ లేరు. ఆయన వేళ్ళ కణుపులు కమిలిపోయి ఉన్నాయి. తట్టి, ఆగి, చెవి తలుపుకి ఆనించి విన్నాడు. నా నోట్లోంచి "వస్తున్నా" అన్న మాట ఊడిపడింది. అనాలని నేను అనుకోలేదు. ఆయన తిరిగి చూడలేదు గానీ ఆ తర్వాత ఇక తట్టలేదు. హాస్టల్‌కి పోయి ఏడ్చాను. ఎందుకో తెలియకుండా ఏడవడం నాకు మహా చిరాకు, ఆ చిరాకుకి ఇంకాస్త ఏడ్చాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూల్చిన వాళ్ళింటి తలుపు అదని తర్వాత తెలిసింది.

కూల్చిన ఇల్లు ఆయనకుంటే కూల్చిన ఊరు నాకుంది. కృష్ణపట్నానికి దగ్గర్లో, సముద్రపు హోరు వినపడే దూరంలో ఉండేది. నాకు మూడేళ్ళప్పుడు ఏదో కంపెనీ వస్తుందని ఊరంతా ఖాళీ చేయించి, సముద్రానికి దూరంగా ఆరు కిలోమీటర్లు లోపలికి కాలనీ కట్టించారు. బుల్డోజర్లు వచ్చి చదును చేసి పోయాయి. కంపెనీ మాత్రం రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ ఇసుక, సర్కారు తుమ్మ, దూరంగా థర్మల్ చిమ్నీల పొగ, అంతే.

చివరి ఏడాది ప్రాజెక్టుకి ఆ ఊరిని ఆ నేల మీదే గీస్తానన్నాను. కబడ్డీ కోర్టుకి గీతలు గీసే సున్నంతో, అసలు కొలతల్లో. గీశాక ఎవరిళ్ళలో వాళ్ళు నిలబడాలి. నేను కళ్ళకి గుడ్డ కట్టుకుని ఊళ్ళోకి రావాలి. అందరూ "రా" అని పిలుస్తుంటే, ఆ పిలుపులు పట్టుకుని నడుస్తూ మా ఇల్లు చేరాలి. మా ఇంట్లోంచి పిలవాల్సింది మా అవ్వ ప్రమీలమ్మ. మా నాయనకి తల్లి. విషయం చెబితే, ఈలోగా నాకు పరిచయమైన విజయభాస్కర్ సార్ తప్పకుండా వస్తానన్నారు.

అవ్వే రానంది.

"ఎందుకవ్వా?"

"కాళ్ళు నొప్పులు."

"ఆటోలో తీసుకపోతా."

"ఆడికి నేను రానమ్మే. ఇంక అడగబాక."

ప్రతి ఆదివారం చర్చికి మైలు దూరం నడిచే మనిషికి కాళ్ళ నొప్పులంటే నేను నమ్ముతానా. ఊరు ఖాళీ చేసిన రోజు నుంచి అవ్వ మళ్ళీ అటు అడుగు పెట్టలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. అవ్వ ఎవరినీ కేకేసి పిలవదు. చిన్నప్పుడు నేను వీధిలో ఆడుకుంటుంటే, అందరి అవ్వలూ గుమ్మంలోంచి అరిచేవాళ్ళు. మా అవ్వ మాత్రం చేస్తున్న పని ఆపి, దగ్గరికి వచ్చి, నా రెక్క పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆమె నన్ను మా ఇంట్లోకి పిలవగా వినాలని నా ఆశ. ప్రాజెక్టు, మార్కులు అన్నీ దాని తర్వాతే. ఆ మాట మా నాయనతో చెబితే, ఆయన తల వంచుకుని, "అవ్వని ఇబ్బంది పెట్టబాకమ్మా" అన్నాడు.

సరే, ఆమె వచ్చినా రాకపోయినా ఊరైతే గియ్యాలి కదా అని మొదలుపెట్టాను. కాలనీలో గడప గడపకీ తిరిగి అడిగాను. ఇది ఎవరిల్లు, దాని పక్కన ఎవరిల్లు, వాకిలి ఎటు వైపు. నలభై ఒక్క ఇళ్ళూ ఒక చర్చీ లెక్క తేలాయి. పాత ఊళ్ళో టీ అంగడి నడిపిన హజరత్తయ్య తాత కొలకర్ర పట్టుకుని నాతో వచ్చాడు. మూడు రోజులు గీశాం.

సాయంత్రాలు జనం చూడడానికి వచ్చేవాళ్ళు. మొదటి రోజు నవ్వుకున్నారు. రెండో రోజు నవ్వు తగ్గింది. ఎవరూ గీతలు దాటి గోడల్లోంచి నడవలేదు. వాకిలి కోసం వదిలిన సందులోంచే లోపలికి పోయారు. ఆడవాళ్ళు చెప్పులు గీతకి బయట వదిలారు. నాగులమ్మ తన వంటింట్లోకి వచ్చిన మేకని అదిలించి తరిమింది. హజరత్తయ్య తాతయితే తన ఇంట్లోకి పోతూ తల వంచాడు. ఆ ఇంటి చూరు ఒకప్పుడు కిందికి ఉండేదట.

మూడో రోజు జనం వెళ్ళబోయే వేళ నేను తుమ్మచెట్టు పక్కనున్న ఇసుక దిబ్బ ఎక్కి ఊరిని చూశాను. చర్చికీ మా ఇంటికీ మధ్య ఏమీ గియ్యని చోటు ఒకటి ఉంది. నా కాగితం మీద అది ఖాళీ. చర్చి నుంచి మా వీధికి రావాలంటే దాని మీదుగా రావడమే దగ్గర. కానీ ఇసుకలో ఒక్క అడుగు కూడా దాని మీద లేదు. మూడు రోజుల అడుగులన్నీ దాని దాకా వచ్చి, చుట్టూ తిరిగి పోయాయి. కాలనీలో పుట్టి పాత ఊరిని చూడని పిల్లల అడుగులు కూడా అంతే. వాళ్ళంటే పెద్దవాళ్ళ వెనకాల నడిచారనుకుందాం. నా చెప్పుల గుర్తులు వెతుక్కున్నాను. సున్నం డబ్బా మోసుకుంటూ అటూ ఇటూ వందసార్లు తిరిగిన నా అడుగులు కూడా చుట్టూ తిరిగే పోయాయి.

"తాతా, ఇక్కడ ఏముండేది?" అని అడిగాను.

"ఏం లేదు" అన్నాడు హజరత్తయ్య తాత, అటు చూడకుండానే.

"ఏం లేదమ్మే. పొద్దు పోతా ఉండాది, పోదాం పా" అంది నాగులమ్మ.

మురుగు కాలవ ఎవరి గోడవారగా పోయేదో తేల్చుకోలేక మూడు రోజులు పోట్లాడుకున్న మనుషులు, ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మాట ఎందుకు, నేనే నడిచి చూస్తానని దాని అంచుకి పోయాను. కుడి కాలు ముందుకు వెయ్యమన్నాను. కాలు వినలేదు. నన్ను నేను నాలుగు తిట్టుకుని ఆటో ఎక్కాను.

ఇంటికి వచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అవ్వని అడిగాను. "చర్చికీ మనింటికీ మధ్యన ఏముండేదవ్వా?"

చేట మీద అవ్వ చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. రాళ్ళని తీసి బియ్యంలోనే వేస్తోంది.

మర్నాడు నాలుగింటికి ప్రదర్శన. ఆటో బయల్దేరబోతుంటే అవ్వ ఉతికిన తెల్ల చీర కట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నేను నోరు తెరవబోతే, "నీ ఆట కాడికే పోనీ" అంది. నేను సంతోషంగా ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాయన మాత్రం దారి పొడుగునా చేతులు నలుపుకుంటూనే ఉన్నాడు.

జనమంతా ఎవరిళ్ళలో వాళ్ళు నిలబడ్డారు. అవ్వని మా ఇంటి గీతల మధ్యకి నాయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఊరి మొదట్లో సార్ నా కళ్ళకి అవ్వ పాత చీర ముక్కే కట్టారు. "తొందరపడకు ఫేబీ, విను" అన్నారు.

పిలుపులు మొదలయ్యాయి. రామ్మే. రా తల్లీ. రా, టీ తాగిపోదువు గానీ. ఒక్కో గొంతు దగ్గరికి పోయేకొద్దీ నాకు గోడలు తెలిసినట్టే ఉంది. వీధి మలుపులు తెలుస్తున్నాయి. ఆ ఊరు నాకు గుర్తులేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నాకు ఏడుపు వస్తోంది, నవ్వూ వస్తోంది.

కానీ అవ్వ గొంతు లేదు. నిలబడి విన్నాను. వచ్చి కూడా పిలవదా అని కోపం వచ్చింది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఊళ్ళో అన్ని ఇళ్ళూ పిలుస్తున్నాయి, మా ఇల్లొక్కటే పిలవడం లేదు. అయితే ఎటు నుంచి పిలుపు లేదో అటే మా ఇల్లు. చెవులు రిక్కించాను. ఎడమ వైపు ఒకచోట ఏ గొంతూ లేదు. అటు నడిచాను.

నడిచేకొద్దీ వెనకాల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాకు దారి సులువు చెయ్యడానికేమో అనుకున్నాను. కాళ్ళ కింద ఇసుక చల్లగా తగిలింది. ఏప్రిల్ ఎండలో అంత చల్లటి ఇసుక. ఇంకో అడుగు వేశాను. మెత్తగా దిగింది.

"ఆనందకుమారీ! ఆగు!"

అవ్వ గొంతే. జన్మలో వినని అవ్వ కేక. ఆ పేరు గలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు, నేనెప్పుడూ ఆ పేరు వినలేదు. అయినా సొంత పేరుకి ఆగినట్టు ఠక్కున ఆగాను. నా నోట్లోంచి "వస్తున్నా" అన్న మాట ఊడిపడింది. ఆ గొంతు నాదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

నాయన చేతులు నన్ను వెనక్కి లాగి పడేశాయి. కళ్ళ గుడ్డ జారింది. నేను నిలబడిన చోట ఇసుక గుండ్రంగా కిందికి జారిపోతోంది. పుచ్చిపోయిన తాటి దుంగలు రెండు విరిగి లోపల పడ్డాయి. చాలాసేపటికి నీళ్ళ చప్పుడు వినిపించింది. పాత నీటి వాసన పైకి వచ్చింది.

హజరత్తయ్య తాత అక్కడే చతికిలపడ్డాడు. "నువ్వు ఇళ్ళడిగినావు తల్లీ. బావి ఎవురిల్లని చెప్పేది? బుల్డోజర్లోళ్ళు పూడ్చేసినారనుకున్నాం. పైన దుంగలేసి ఇసక కప్పినారని మాకేం తెలుసు?"

అవ్వ వచ్చి నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని తడిమింది.

"నీకు మేనత్త. మీ నాయనకి అక్క. పదమూడేళ్ళ బిడ్డ. చీకటి పడతా ఉంటే నేనే ఇంకొక్క బిందె తెమ్మన్నాను. ఎంతకీ రాకపోతే గడపలో నిలబడి రా, రా అని పిలిచినాను. వస్తున్నా అనింది. వస్తున్నా అనిందమ్మే. రాలేదు."

ఆ తర్వాత ఆ బావిలో ఎవరూ చేద వెయ్యలేదు. అవ్వ ముందు ఆ పేరు ఎత్తలేదు, బావి మాటా ఎత్తలేదు. ఆమె బాధపడకూడదని ఊరు ఊరంతా నలభై ఏళ్ళు నోరు కుట్టేసుకుంది. ఆ జాలే ఈరోజు నన్ను కూడా బావిలో వెయ్యబోయింది. ఎవరిని తిట్టాలో తెలియక ఇసుకలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

అవ్వ సున్నం డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "దాన్ని కూడా గియ్యి."

గోతికి దూరంగా, చుట్టూ గుండ్రంగా గీశాను. గీత కలిపేసి లేచాను.

"దానికీ వాకిలి పెట్టు. అన్నిటికీ పెట్టినావు గదా" అంది అవ్వ.

మా ఇంటి వైపున గీతని కాలితో చెరిపి మనిషి పట్టేంత సందు చేశాను. అవ్వ మెల్లగా నడుచుకుంటూ మా ఇంటికి పోయి, గడప ఉండాల్సిన చోట నిలబడింది. నోటికి రెండు పక్కలా చేతులు పెట్టుకుంది.

"ఆనందకుమారీ, రా!"

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. బావికీ మా ఇంటికీ మధ్య గుంపుగా నిలబడ్డ జనం పక్కకి జరిగారు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత దారి ఏర్పడింది. హజరత్తయ్య తాత తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఈ ఊరి సంగతి ఏదీ తెలియని విజయభాస్కర్ సార్ కూడా రెండడుగులు వెనక్కి వేసి దారిచ్చారు. గుంపు నా దగ్గర నుంచి అటు చివరిదాకా ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పారు, ఎవరో నడిచి పోతుంటే చూసినట్టు.

అవ్వ గడపలో ఒక పక్కకి ఒదిగి నిలబడింది. నిండు బిందెతో వచ్చేవాళ్ళకి దారి ఇచ్చేటప్పుడు, మీద నీళ్ళు తొణక్కుండా చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంటాం కదా, అలాగే లాక్కుంది. కాసేపు ఇంటి లోపలికి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంక నువ్వు రా, ఫేబీ."

నేను "వస్తున్నా" అనలేదు. ఆ దారిలో అడుగు పెట్టకుండా దాని పక్కనుంచే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.